పింక్ టో టరంటులా పెంపకం: డబ్బా ఎంపిక నుంచి కుబుసం దాకా చేయాల్సినవి, చేయకూడనివి

“చెట్టు మీద బతికే టరంటులా తెచ్చాం. రోజూ నీళ్ళు పిచికారీ చేశాం, తిండి పెట్టాం. అయినా నెల తిరక్కుండా చచ్చిపోయింది. తప్పెక్కడ?” అమెరికా, కెనడా, యూకేల్లో ఉంటున్న మనవాళ్ళ నుంచి ఈ ప్రశ్న తెగ వస్తోంది. పిల్లవాడు అడిగాడని కొనేవాళ్ళు కొందరు, తామే ముచ్చటపడి కొనేవాళ్ళు కొందరు. చాలాసార్లు తప్పు ఆ పిచికారీలోనే ఉంటుంది. డబ్బాలో తేమ ఎక్కువై, గాలి ఆడక పోతాయి ఈ పెద్ద సాలీళ్ళు.

ఇక్కడ చెప్పేదంతా పింక్ టో, అంటే శాస్త్రీయ నామంలో అవిక్యులేరియా అవిక్యులేరియా గురించి. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో, గయానా, సురినామ్, బ్రెజిల్ వైపు చెట్ల మీద బతుకుతుంది. పెద్దదైతే కాళ్ళు చాచినప్పుడు 12, 13 సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్ళంతా నల్లగా, కాళ్ళ కొసలు మాత్రం గులాబీ రంగులో ఉంటాయి. మార్టినిక్ దీవికి చెందిన మరో చెట్టెక్కే టరంటులా క్యారిబీనా వెర్సికలర్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది. నేల మీద, బొరియల్లో ఉండే జాతులకు మాత్రం ఇది పనికిరాదు.

## 1. కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ముందు చట్టం సంగతి. హవాయి రాష్ట్రంలో టరంటులాలు పెంచుకోనివ్వరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు బయటి జాతులను తీసుకెళ్ళడం కుదరదు. మిగతా చోట్ల పింక్ టోకు పెద్దగా అభ్యంతరం ఉండదు గానీ, అద్దె ఇంట్లో ఉంటే లీజు కాగితంలో పెంపుడు జంతువుల గురించి ఏం రాశారో చదవండి. “కుక్కలు, పిల్లులు” అని రాసుంటే సాలీడుకు వర్తించదని మీకు మీరే అనుకోకండి, ఒక మెయిల్ పెట్టి అడగండి.

ఇండియాకు వచ్చేటప్పుడు బ్యాగులో పెట్టుకుని రావడం, పార్శిల్‌లో తెప్పించడం లాంటి ఆలోచనలు ఉంటే మానుకోండి. 2021 జూలైలో పోలండ్ నుంచి వచ్చిన ఒక పార్శిల్‌ను చెన్నై కస్టమ్స్ వాళ్ళు విప్పి చూస్తే చిన్న చిన్న సీసాల్లో 107 బతికున్న సాలీళ్ళు దొరికాయి. బతికున్న జంతువును దిగుమతి చేసుకోవాలంటే అనుమతులు ఉండాల్సిందే.

మన గుత్తి సాలీడు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అనంతపురం జిల్లా గుత్తి పేరు మీద ప్రపంచమంతా పిలిచే నీలం రంగు టరంటులా, పోయెసిలోథీరియా మెటాలికా. అదీ చెట్టు మీద బతికేదే. చూడ్డానికి అంత అందమైంది ఇంకోటి లేదనే నేనూ అంటాను. కానీ మొదటిసారి పెంచేవాళ్ళకు అది వద్దు. చాలా వేగంగా పరుగెడుతుంది. కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. అడవుల్లో అంతరించే దశకు చేరిన జాతి అది. నల్లమల వైపు అడవుల నుంచి పట్టి తేవాలనుకుంటే మాత్రం అది నేరం. 2019 నుంచి ఆ ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్యం మీద సైట్స్ (CITES, అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణ కూడా ఉంది.

ఇక ఇంట్లోవాళ్ళు. మీరు తెచ్చాక చెబుదాంలే అనుకుంటే రోజూ టెన్షన్ మీకే. ఊరి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తే ఆ డబ్బా ఏ గదిలో ఉండాలో కూడా ముందే అనుకోండి. ఆడ పింక్ టో పదేళ్ళు దాటి బతకగలదు. మగది మూడు, నాలుగేళ్ళతో సరి. పదేళ్ళంటే మీ అబ్బాయి ఎనిమిదో తరగతిలో కొన్నది అతని ఉద్యోగం నాటికీ మీ ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దాన్ని చూసుకునేది మీరే.

## 2. ఎలాంటిది కొనాలి

గోరంత ఉన్న పిల్ల చవకగా వస్తుంది. కానీ నీళ్ళు కాస్త ఎక్కువైనా తక్కువైనా తట్టుకోలేదు. మొదటిసారైతే కాళ్ళతో కలిపి కనీసం 5 సెంటీమీటర్లున్నది కొనండి. డబ్బులు ఎక్కువైనా నష్టం లేదు.

అడవిలో పట్టినది కాకుండా, పెంపకంలో పుట్టిన పిల్లనే అడగండి. పెంపకందారుడు అది ఎప్పుడు తిన్నదో, చివరిసారి కుబుసం ఎప్పుడు విడిచిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గర చూడండి.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- పొట్ట గుండ్రంగా ఉండాలి. ముడతలు పడి ఉంటే నీళ్ళు చాల్లేదని అర్థం.
- డబ్బా గోడకో, బెరడుకో అతుక్కుని ఉండాలి. కాళ్ళు కిందికి ముడుచుకుని నేల మీద కూర్చున్నది వద్దు.
- నోటి దగ్గర తెల్లటి పేస్టులాంటిది, చెడు వాసన ఉండకూడదు.
- కాలు ఒకటి లేకపోయినా ఫరవాలేదు. ఒకటి రెండు కుబుసాల్లో మళ్ళీ వస్తుంది.
- కుబుసం విడిచి వారం కూడా కానిదాన్ని ప్రయాణం చేయించకండి.

## 3. డబ్బా: గాలి ముందు, అందం తర్వాత

ఈ గైడులో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

చెట్టెక్కే సాలీడుకు నేల వైశాల్యం కన్నా ఎత్తు ముఖ్యం. పెద్దదానికి 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న డబ్బా సరిపోతుంది. అంతకన్నా మరీ పెద్దది కొంటే దానికి తిండి వెతుక్కోవడం కష్టం, మీకు దాన్ని వెతుక్కోవడం కష్టం.

గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోవాలి. మూత మీద మాత్రమే రంధ్రాలుంటే అడుగున గాలి కదలదు. కాబట్టి ఒక పక్క గోడకు కింది భాగంలో, ఎదుటి గోడకు పై భాగంలో రంధ్రాలు వరసగా ఉండాలి. వెచ్చటి గాలి పైకి పోతుంటే కింద నుంచి కొత్త గాలి వస్తుంది. కొన్న డబ్బాకు అలా లేకపోతే యాక్రిలిక్ అయితే డ్రిల్లుతో, పల్చటి ప్లాస్టిక్ అయితే వేడి సోల్డరింగ్ ఐరన్‌తో పెట్టుకోవచ్చు. సాలీడును లోపల పెట్టకముందే, కిటికీలు తెరిచి ఈ పని చేయండి. రంధ్రాల అంచులు లోపలి వైపు గరుకుగా లేకుండా ఉప్పుకాగితంతో రుద్దండి.

రంధ్రం ఎంత ఉండాలి? సాలీడు తల పెంకు (ఒంటి ముందు భాగాన్ని కప్పే గట్టి పెంకు) పట్టేంత సందు ఉంటే చాలు, మిగతా ఒళ్ళు మెత్తనిదే కాబట్టి బయటికొచ్చేస్తుంది. తల పెంకు కన్నా బాగా చిన్నగా ఉండాలి.

లోహపు జాలీ మూతలు వద్దు. కాళ్ళ కొసల్లో చిన్న గోళ్ళుంటాయి. అవి జాలీలో ఇరుక్కుంటే కాలు తెంచుకోవడం తప్ప దానికి దారి ఉండదు. బల్లులు, కప్పల కోసం అమ్మే గాజు తొట్లకు ఎక్కువగా జాలీ మూతే వస్తుంది. దాన్ని తీసేసి రంధ్రాలు పెట్టిన యాక్రిలిక్ పలక బిగించండి.

తలుపు ముందు వైపు తెరుచుకునేదైతే మంచిది. పింక్ టో గూడు డబ్బా పై మూలలో అల్లుకుంటుంది. మూత పై నుంచి తెరుచుకునేదైతే మీరు తెరిచిన ప్రతిసారీ గూడు చిరుగుతుంది, సాలీడు మీ చేతికి దగ్గర్లోనే ఉంటుంది.

సాలీడు పిల్లలకు ఒక చిట్కా ఉంది. పారదర్శకమైన గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని తలకిందులు చేయండి. అంటే మూత నేలవుతుంది, డబ్బా అడుగు పైకప్పవుతుంది. పిల్ల పై భాగంలో గూడు కట్టుకుంటుంది. మీరు కింద మూత తీసి నీళ్ళు, తిండి పెట్టొచ్చు, గూడు చెక్కుచెదరదు. పక్కల చుట్టూ సూదిమొన రంధ్రాలు మర్చిపోవద్దు. మందు సీసాల్లాంటి ఇరుకు గొట్టాల్లో పెంచేవాళ్ళ దగ్గరే పిల్లలు ఎక్కువగా పోతుంటాయి.

## 4. లోపల సర్దడం

వరస ఇది:

1. అడుగున కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 4 నుంచి 5 సెంటీమీటర్లు. ఎరువులు, మందులు కలపనిదే కొనాలి. నానబెట్టి, గట్టిగా పిండి, పిడికిట్లో నొక్కితే నీటి చుక్క రానంతగా ఆరాక వేయండి.
2. కార్క్ బెరడు ముక్క ఒకటి నిలువుగా, వెనక గోడకు వాలుగా. గొట్టంలా ఉన్న బెరడైతే ఇంకా మంచిది. కదిపితే కదలకుండా కోకోపీట్‌లో పాతండి.
3. బెరడు పై కొస దగ్గర ప్లాస్టిక్ ఆకులు. ఇవి అలంకారానికి కాదు. గూడు అల్లడానికి దారాలు కట్టుకునే ఊతం కావాలి. ఆకుల్లేని ఖాళీ డబ్బాలో పింక్ టో రోజుల తరబడి మూలల్లో తిరుగుతూ ఉంటుంది.
4. నేల మీద బరువైన చిన్న నీళ్ళ గిన్నె. సోడా సీసా మూత కూడా సరిపోతుంది, పెద్దదానికి అంతకన్నా కాస్త వెడల్పుది.

గిన్నెలో స్పాంజి వేయమని కొన్ని దుకాణాల వాళ్ళు చెబుతారు. వేయకండి, అది కుళ్ళి కంపు కొడుతుంది. పదునైన రాళ్ళు, కాక్టస్ లాంటి ముళ్ళ మొక్కలు కూడా వద్దు. చెట్టెక్కే సాలీడు కూడా జారి పడుతుంది, పొట్ట పగిలితే బతకదు.

అన్నీ సర్దాక సాలీడును పెట్టే ముందు రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. మర్నాడు పొద్దున గాజు లోపల ఆవిరి చుక్కలు కనిపిస్తే గాలి చాలడం లేదు. ఇంకో వరస రంధ్రాలు పెట్టండి.

## 5. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు మార్చడం

భయమంతా ఇక్కడే. పింక్ టో నెమ్మదైనదే. కానీ బెదిరితే ఒక్క గెంతు గెంతుతుంది, లేదంటే వెనక్కి తిరిగి మీ మీదికి మలం చిమ్ముతుంది. తెల్లటి నీళ్ళలా పడుతుంది, కడుక్కుంటే పోతుంది. గాజు మీద ఎండిన తెల్లటి చారలు చూసి బూజని కంగారుపడేవాళ్ళున్నారు. అది ఇదే.

కావాల్సినవి: పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ టబ్బు, పారదర్శకమైన కప్పు, కప్పు నోటికి సరిపడే అట్టముక్క, మెత్తటి పెయింటింగ్ బ్రష్, పొడవు చేతుల చొక్కా.

1. గది తలుపులు, కిటికీలు మూయండి, ఫ్యాన్ ఆపండి. కుక్క, పిల్లి ఉంటే బయట ఉంచండి. వీడియో తీస్తానన్న పిల్లలు కూడా మంచం మీద కూర్చునే చూడాలి.
2. టబ్బును నేల మీద పెట్టండి, టేబుల్ మీద కాదు. పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ టబ్బులోనే ఉండాలి. అది గెంతినా టబ్బులోనే పడుతుంది.
3. పాత డబ్బా తెరిచి, సాలీడు ఎదురుగా కప్పు పెట్టండి. దానికి మీ చేతి కన్నా కప్పు లోపలి చీకటి నచ్చాలి, కప్పు మీద గుడ్డ కప్పితే పని సులువు.
4. బ్రష్‌తో వెనక కాలిని తాకీ తాకనట్టు తాకండి. పొట్ట మీద తాకకండి. అక్కడి నూగు చర్మానికి గుచ్చుకుంటే దురద పెడుతుంది.
5. ఒక్కో తాకుడుకు రెండడుగులు వేసి ఆగుతుంది. ఆగనివ్వండి. తొందరపెడితేనే గెంతుతుంది.
6. కప్పులోకి వెళ్ళగానే అట్టతో మూసి, కొత్త డబ్బాలో బెరడుకు ఆనించి కప్పు తెరవండి. అది బయటికి రావడానికి గంట పట్టినా కప్పు కుదపకండి.

తప్పించుకుని గోడెక్కితే చేత్తో పట్టుకోకండి. దాని మీద కప్పు బోర్లించి, కింద అట్ట జొనపండి. చెప్పుతో కొట్టడానికి ఎవరైనా రాకుండా ఒక మనిషిని తలుపు దగ్గర నిలబెట్టడం మంచి ఆలోచనే.

చేతి మీద ఎక్కించుకుని ఫొటో దిగడం గురించి ఒక్క మాట. దానికి అందులో సుఖమేమీ లేదు, అది మిమ్మల్ని గుర్తుపట్టదు. ఆడించడానికి జంతువు కావాలనుకుంటే ఇది కాదు.

కొత్త ఇంట్లో రెండు మూడు వారాలు గూడు కట్టకపోవచ్చు, తినకపోవచ్చు. మామూలే. నీళ్ళు ఉంటే చాలు.

## 6. నీళ్ళు, తేమ, వేడి

తేమ శాతం కొలిచే మీటరు కొన్నవాళ్ళు దాన్ని డ్రాయర్‌లో పడేయండి. ఆ అంకె కోసం రోజూ పిచికారీ చేస్తూ పోతే డబ్బా బురదగుంటవుతుంది. చేయాల్సిందల్లా ఇది:

- గిన్నెలో ఎప్పుడూ శుభ్రమైన నీళ్ళు ఉంచండి. మామూలు కుళాయి నీళ్ళు చాలు.
- వారానికి ఒకసారి గిన్నె చుట్టూ ఒక మూల కోకోపీట్ మాత్రం తడపండి. మిగతాది పొడిగా ఉండాలి.
- ఆ మూల ఆరాకే మళ్ళీ తడపాలి.
- పిల్లలకు వారానికి రెండుసార్లు గూడు పక్క గోడ మీద నాలుగు చుక్కలు చల్లండి. సాలీడు మీద కాదు.

పింక్ టో నీళ్ళు తాగడం చూస్తే గిన్నె ఎందుకో అర్థమవుతుంది. రాత్రి పూట తలకిందులుగా దిగి, ముందు కాళ్ళు గిన్నె అంచున ఆనించి, నోరు మొత్తం నీళ్ళలో పెట్టి కదలకుండా ఉండిపోతుంది. నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. చచ్చిపోయిందని గిన్నె కదిపేవాళ్ళున్నారు. కదపకండి.

వేడి విషయానికొస్తే 22 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ చాలు. గదిలో మీకు టీషర్టుతో హాయిగా ఉంటే దానికీ హాయిగానే ఉంటుంది. చలికాలంలో గది చల్లబడితే డబ్బాను కాదు, గదిని వెచ్చబెట్టండి. వేడి బల్బులు పెడితే ఒళ్ళు ఎండిపోతుంది. డబ్బా అడుగున హీట్ మ్యాట్ పెడితే తడి అంతా ఆవిరై పైన చేరుతుంది. న్యూజెర్సీ, టొరంటో చలికాలాల్లో ఇంటి హీటింగ్ వల్ల గాలి బాగా పొడిబారుతుంది, గిన్నె రెండు రోజుల్లో ఎండిపోతుంది. ఆ నెలల్లో గిన్నె కాస్త పెద్దది పెట్టండి.

కిటికీ పక్కన నేరుగా ఎండ పడే చోట పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అయినా పెడుతున్నారు.

## 7. తిండి

కీచురాళ్ళు, డుబియా బొద్దింకలు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. పెరట్లో పట్టిన పురుగులు వద్దు, వాటి మీద ఏ మందు పడిందో తెలియదు.

- పిల్లకు: ఎగరలేని పండు ఈగలు, లేదా చంపిన కీచురాయి కాలో, పొట్టో. వారానికి రెండుసార్లు.
- మధ్య వయసుదానికి: వారానికి ఒకటి.
- పెద్దదానికి: పది నుంచి పద్నాలుగు రోజులకు ఒకటి, రెండు.

పురుగు సాలీడు పొట్ట కన్నా పెద్దది కాకూడదు. బెరడు మీద వదలండి, నేల మీద వదిలితే చాలాసార్లు అది కిందికే రాదు. పట్టకారుతో ఇచ్చేటప్పుడు పట్టకారును కొరికితే కోరలు దెబ్బతింటాయి, అందుకే మెత్తటి కొస ఉన్నది వాడాలి. మీల్ వార్మ్ పురుగు పెడితే ముందు దాని తల చిదిమి పెట్టండి, లేకపోతే కోకోపీట్‌లోకి దూరిపోతుంది.

24 గంటల్లో తినకపోతే పురుగును బయటికి తీసేయండి. కుబుసం విడుస్తున్న సాలీడును ఆకలేసిన కీచురాయి కొరికి తినగలదు.

“పెట్టినంతా తింటోంది కదా” అని పెడుతూ పోవద్దు. పొట్ట తల పెంకుకు ఒకటిన్నర రెట్లు దాటితే ఒక విడత మానేయండి. నెల రోజులు తినకపోయినా, పొట్ట గుండ్రంగా ఉన్నంతవరకు భయం లేదు. సాలీడు ఉపవాసం మనవాళ్ళకు అస్సలు మింగుడుపడదు, తినిపించాలని చూస్తారు. వదిలేయండి.

## 8. కుబుసం విడిచే రోజులు

పిల్లలు నెలకో రెండు నెలలకో ఒకసారి, పెద్ద ఆడవి ఏడాదికో ఇంకా ఆలస్యంగానో కుబుసం విడుస్తాయి. ముందు గుర్తులు: తిండి మానేయడం, రంగు మందగించడం, గూటి ద్వారాలు సాలెతో మూసేసుకోవడం.

గూడు మూసుకుందంటే మీ పని గిన్నె నింపడం, దూరంగా ఉండడం. లోపల వెల్లకిలా పడుకుని ఉండొచ్చు. వెల్లకిలా ఉంటే చచ్చినట్టు కాదు, కుబుసం విడుస్తోందని. చచ్చేటప్పుడు నిటారుగా కూర్చుని కాళ్ళు కిందికి ముడుచుకుంటుంది. ఈ తేడా తెలియక వెల్లకిలా ఉన్నదాన్ని చేత్తో తిప్పితే అప్పుడు నిజంగానే పోతుంది.

గంటల తరబడి పడుతుంది. నడుమ ఊదకండి, నీళ్ళు చల్లకండి, టార్చి వేయకండి.

అయ్యాక కోరల రంగు చూడండి. గాజుకు ఆనుకుని కూర్చున్నప్పుడు కింది నుంచి కనిపిస్తాయి. మొదట తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడతాయి, చివరికి నల్లబడతాయి. నల్లబడేదాకా తిండి పెట్టకూడదు. పిల్లకు నాలుగైదు రోజులు, పెద్దదానికి పది రోజులో రెండు వారాలో పడుతుంది. నీళ్ళు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

విడిచిన కుబుసం పారేయకండి. మెత్తగా ఉండగానే పొట్ట భాగం తడిపి విప్పి చూస్తే ఆడా మగా తెలుస్తుంది. అనుభవమున్న పెంపకందారుడికి ఫొటో పంపినా చెబుతారు. పెద్దయ్యాక మగదైతే నోటి పక్కనుండే చిన్న చేతుల కొసలు ఉబ్బి బాక్సింగ్ గ్లౌజుల్లా కనిపిస్తాయి. అక్కడి నుంచి దానికి ఎక్కువ కాలం లేదు, తిండీ తగ్గిస్తుంది.

## 9. తేడా కనిపిస్తే

కాళ్ళు కిందికి ముడుచుకుని, పొట్ట ముడతలు పడి ఉంటే. నీరసం, చాలావరకు నీళ్ళు చాలకే. సాలీడు కాళ్ళు ఒంట్లోని ద్రవం ఒత్తిడితోనే చాచుకుంటుంది, నీళ్ళు తగ్గితే ముడుచుకుపోతాయి. లోతులేని మూతలో నీళ్ళు పోసి, నోరు తడికి తగిలేలా ముందు భాగం మాత్రం అంచున ఆనించండి. ఊపిరి సందులు పొట్ట కింద ఉంటాయి, అవి మునగకూడదు. తడి కాగితాల డబ్బాలో మూసి ఉంచే పాత పద్ధతి వద్దు.

ఎప్పుడూ నేల మీదే కూర్చుంటే. పైన గాలి లేదు, లేదా ఊతం లేదు. కోకోపీట్ ఆరనివ్వండి, రంధ్రాలు పెంచండి, ఆకులు చేర్చండి.

పాచి, బూజు. ఆ ముక్క తీసేయండి, తడపడం ఆపండి. మళ్ళీ మళ్ళీ వస్తుంటే కోకోపీట్ మొత్తం మార్చండి.

తెల్లటి చుక్కల్లాంటి పురుగులు కాళ్ళ కీళ్ళ దగ్గర కదులుతుంటే. అవి మైట్లు. పొడిగా ఉన్న కొత్త డబ్బాలోకి మార్చండి, మిగిలిన తిండి లోపల ఉండనివ్వకండి.

గాయమై లేత నీలం ద్రవం కారుతుంటే. అదే దాని రక్తం. కాలికైతే వంటింట్లోని కార్న్‌ఫ్లోర్ చిటికెడు బ్రష్‌తో అద్దండి. పొట్టకైతే ఆశ తక్కువే.

పాత కుబుసం కాలికి ఇరుక్కుంటే. లాగకండి. బ్రష్‌తో ఆ చోట నీటి చుక్క పెట్టి వదిలేయండి. అవసరమైతే అదే కాలు వదిలేసుకుంటుంది.

నోటి దగ్గర తెల్లటి చిక్కటి పదార్థం, కంపు, తిండి మానేయడం. ఇది సన్నటి నులిపురుగుల వల్ల కావచ్చు. మందు లేదు. ఇంకో సాలీడు ఉంటే వెంటనే వేరే గదికి మార్చండి, పట్టకారు, బ్రష్ కలిపి వాడకండి.

మిమ్మల్ని కరిస్తే. పింక్ టో విషం తేలికపాటిది, తేనెటీగ కుట్టినంత నొప్పి. సబ్బుతో కడిగి ఐసు పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నూగు కంట్లో పడితే రుద్దకుండా నీళ్ళతో కడిగి, కంటి డాక్టరుకు చూపించండి.

## 10. మన ఇళ్ళలో జరిగేవి

ఇంగ్లీషు గైడుల్లో ఇది ఉండదు. సాలీడున్న గదిలో ఇవేవీ వాడకండి:

- దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల మందు
- బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు
- సాంబ్రాణి ధూపం, ఎడతెగని అగరొత్తుల పొగ
- గది సువాసన స్ప్రేలు

దోమను చంపే మందు సాలీడును కూడా చంపుతుంది. పూజ గదికి, సాలీడు గదికి మధ్య కనీసం ఒక మూసిన తలుపు ఉండాలి. శ్రావణ మాసంలో, సత్యనారాయణ వ్రతం రోజున ఇల్లంతా పొగ నిండుతుంది కదా, ఆ పూటకు డబ్బాను పడగ్గదిలో పెట్టి తలుపు మూసేయండి.

అపార్ట్‌మెంట్‌లో నెలనెలా పురుగుల మందు కొట్టే ఏర్పాటు ఉంటే మీ ఫ్లాటును వదిలేయమని ఆఫీసుకు ముందే రాసి ఇవ్వండి. కుక్కకు, పిల్లికి ఒంటి మీది పురుగులు (ఫ్లీస్) పోవడానికి మందు చుక్కలు వేసిన చేతులతో డబ్బా ముట్టుకోవద్దు. ఆ మందుల్లో సాధారణంగా ఉండే ఫిప్రోనిల్ వీటికి చాలా ప్రమాదం. కూరగాయలకు మందు కొట్టి వచ్చినా అంతే, చేతులు సబ్బుతో కడుక్కుని రండి.

## 11. సెలవులకు ఇండియా వెళ్ళేటప్పుడు

ఆరు వారాల ప్రయాణమని సాలీడును ఎవరికో అంటగట్టేస్తున్నారు. అక్కర్లేదు. పెద్దది తిండి లేకుండా ఆరు వారాలు సులువుగా ఉండగలదు. ఉండలేనిది నీళ్ళు లేకుండానే.

వెళ్ళే ముందు:

1. బయల్దేరడానికి వారం ముందు చివరి తిండి. మిగిలిన ముక్కలు తీసేశాకే బయల్దేరండి.
2. గిన్నె పెద్దది పెట్టండి, లేదా రెండు గిన్నెలు.
3. హీటింగ్ పూర్తిగా ఆపేయకండి, 22 డిగ్రీల దగ్గర ఉంచండి.
4. పది రోజులకు ఒకసారి వచ్చి నీళ్ళు పోసేవాళ్ళను మాట్లాడుకోండి. డబ్బా తెరవడానికి భయపడే స్నేహితులైతే పక్క రంధ్రం గుండా పొడవాటి సిరంజితో గిన్నెలో నీళ్ళు పోసేలా గిన్నెను ఆ రంధ్రం కిందికి జరపండి. ఒకసారి మీ ముందే చేయించండి.
5. తిండి పెట్టవద్దని కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. నోటితో చెబితే జాలిపడి పెట్టేస్తారు.

పిల్ల అయితే ఇలా కుదరదు. వారం దాటితే దాన్ని పెంపకం తెలిసినవాళ్ళ దగ్గర వదలాల్సిందే.

తిరిగొచ్చిన రాత్రి గిన్నె కడిగి నింపండి, ఒక మూల తడపండి. గూడు మూసి ఉంటే తిండి ఊసెత్తకండి, మీరు లేనప్పుడు కుబుసం విడిచి ఉండొచ్చు. తెరిచి ఉంటే రెండో రోజు ఒక చిన్న కీచురాయిని బెరడు మీద వదిలి చూడండి.